కారులోంచి ఎగిరిపడితే బతకడం కష్టం: సీటు బెల్టు, చైల్డ్ సీటు, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఎలా కాపాడతాయి?

రోడ్డు ప్రమాదాల వార్తల్లో ఒక వాక్యం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది: "ఢీకొన్న వేగానికి కారులో ఉన్నవాళ్ళు ఎగిరి రోడ్డు మీద పడ్డారు." చదివేవాళ్ళు దాన్ని ప్రమాదం ఎంత పెద్దదో చెప్పే మాటగా తీసుకుంటారు. నిజానికి చాలా సందర్భాల్లో ప్రాణం పోవడానికి అసలు కారణం ఆ వాక్యంలోనే ఉంటుంది. కారు లోపలే ఉండిపోయినవాళ్ళు గాయాలతో బయటపడి, బయటకు విసిరేసినట్టు పడ్డవాళ్ళు చనిపోవడం మామూలుగా జరిగేదే.

అమెరికాలో రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఈ విషయంలో రెండు లెక్కలు చెబుతుంది. బెల్టు పెట్టుకున్నవాళ్ళతో పోలిస్తే పెట్టుకోనివాళ్ళు ప్రమాదంలో కారు బయటకు ఎగిరిపడే అవకాశం 30 రెట్లు ఎక్కువ. ప్రాణాంతక ప్రమాదాల్లో అలా పూర్తిగా బయటపడ్డ ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా బతకరు.

అందుకే కారు భద్రతలో మొదటి సూత్రం చాలా చిన్నది: ఏం జరిగినా మనిషి కారు లోపలే, తన సీటులోనే ఉండాలి. బెల్టు, పిల్లల సీటు, తలుపు లాక్, పక్క అద్దాల మీదికి దిగే ఎయిర్‌బ్యాగ్ అన్నీ ఆ ఒక్క పని కోసమే. అవి ఎలా పనిచేస్తాయి, నికాహ్‌కో వలీమాకో ఇంటిల్లిపాదీ ఒకే బండిలో బయలుదేరినప్పుడు ఏం చూసుకోవాలి, చట్టం ఏం చెబుతుంది అన్నది ఇక్కడ తెలుసుకోవచ్చు.

కారు ఆగుతుంది, మనిషి ఆగడు

కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే లోపల కూర్చున్నవాళ్ళ శరీరం కూడా అదే వేగంతో పోతూ ఉంటుంది. కారు డివైడర్‌కో లారీకో తగిలి ఆగిపోయినా శరీరం ఆగదు. దాన్ని ఏదో ఒకటి ఆపాలి. బెల్టు ఉంటే బెల్టు ఆపుతుంది. లేకపోతే స్టీరింగ్, డ్యాష్‌బోర్డు, ముందు సీటు, అద్దం ఆపుతాయి. అవి కూడా ఆపలేకపోతే రోడ్డు ఆపుతుంది.

60 కిలోమీటర్ల వేగంతో గట్టి వస్తువుకు తగలడం అంటే దాదాపు 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీది నుంచి కింద పడ్డట్టే. హైవే మీద 90 కిలోమీటర్ల వేగమైతే అది దాదాపు 32 మీటర్లు. పదంతస్తుల భవనం అనుకోవచ్చు. ఆ దెబ్బను చేతులతో, కాళ్ళతో ఆపుకోవడం ఏ పహిల్వాన్‌కీ సాధ్యం కాదు. పైన ఉన్న హ్యాండిల్ పట్టుకుంటే చాలు అనుకోవడం అపోహ.

ఎక్కువమంది ఎలా బయటపడతారు?

మనుషులు కారులోంచి బయటపడేది ఎక్కువగా బండి పల్టీలు కొట్టినప్పుడు. రాత్రంతా నడిపి తెల్లవారుజామున డ్రైవర్‌కు కన్ను మూతపడటం, బండి డివైడర్‌ను గుద్దుకోవడం, లేదా రోడ్డు దిగి తిరగబడటం మన హైవేల మీద తెలిసిన కథే. ఎదురుగా గుద్దుకునే ప్రమాదం సెకనులో పదో వంతులో అయిపోతుంది. పల్టీలు మాత్రం కొన్ని సెకన్ల పాటు సాగుతాయి. బండి తిరిగే ప్రతి చుట్టుకూ లోపలి మనిషిని బయటి వైపుకు నెట్టే బలం ఉంటుంది.

ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పొర అతికించి చేసినది. అది పగిలినా ముక్కలు ఊడిపోకుండా చాలావరకు అతుక్కునే ఉంటుంది. పక్క అద్దాలు చాలా కార్లలో అలాంటివి కావు. అవి దెబ్బ తగలగానే చిన్న చిన్న పలుకులుగా రాలిపోతాయి. ఇక ఆ కిటికీ తెరిచిన తలుపుతో సమానం. బెల్టు లేనివాళ్ళు అందులోంచి బయటపడతారు.

పూర్తిగా బయటపడకపోయినా ప్రమాదమే. తల లేదా చెయ్యి కిటికీలోంచి బయటకు వచ్చినప్పుడు బండి అదే వైపు తిరగబడితే, బండి బరువంతా దాని మీదే పడుతుంది. పూర్తిగా బయటపడ్డవాళ్ళకు రోడ్డు దెబ్బతో పాటు మరో గండం కూడా ఉంది. పల్టీ కొడుతున్న సొంత కారే మీద పడవచ్చు, వెనకాల వచ్చే వాహనం చూసుకోకపోవచ్చు.

రెండు తెలిసిన ప్రమాదాలు

సినీ నటుడు, మాజీ రాజ్యసభ సభ్యుడు నందమూరి హరికృష్ణ 2018 ఆగస్టు 29న ఇలాగే చనిపోయారు. హైదరాబాద్ నుంచి నెల్లూరు జిల్లా కావలిలో ఒక పెళ్ళికి ఉదయాన్నే బయలుదేరారు. కారు ఆయనే నడుపుతున్నారు. నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర కారు డివైడర్‌ను ఢీకొని పల్టీ కొట్టింది. ఆయన కారులోంచి బయటకు ఎగిరిపడ్డారు. సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. కారులో ఉన్న మిగతా ఇద్దరు గాయాలతో బయటపడ్డారు. ఆయనకు కారు నడపడం కొత్త కాదు, బండి చిన్నదీ కాదు.

రెండోది టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ ప్రమాదం. 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో ఆయన కారు వంతెన మీది డివైడర్‌ను ఢీకొంది. ఖరీదైన విదేశీ కంపెనీ కారు, ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. ముందు సీట్లలో ఉన్న ఇద్దరూ తీవ్ర గాయాలతో బతికారు. వెనక సీటులో ఉన్న ఇద్దరూ చనిపోయారు. వెనక ఉన్నవాళ్ళు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు తెలిపారు. ఇక్కడ ఎవరూ కారు బయట పడలేదు. బెల్టు లేని శరీరం కారు లోపలే ఎగిరిపడినా ఫలితం అంతే అని ఈ ప్రమాదం చెబుతుంది. వెనక సీటు సురక్షితం, అక్కడ బెల్టు అక్కర్లేదు అన్న నమ్మకం దీంతోనైనా పోవాలి.

బెల్టు ఎలా పట్టుకుంటుంది?

ఇప్పుడు అన్ని కార్లలో ఉండే మూడు చోట్ల బిగించే బెల్టును తయారుచేసింది స్వీడన్ ఇంజనీర్ నిల్స్ బోలిన్. 1959లో వోల్వో కంపెనీ కార్లలో వచ్చింది. బోలిన్ అంతకు ముందు సాబ్ విమాన కంపెనీలో, ఆపద వస్తే పైలట్‌ను విమానంలోంచి బయటకు విసిరే సీట్ల మీద పనిచేశారు. వోల్వో ఆ బెల్టు పేటెంటును తన దగ్గరే దాచుకోకుండా మిగతా కంపెనీలూ వాడుకోనిచ్చింది. 1970లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం బెల్టును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది.

ఈ బెల్టు రహస్యం అది ఎక్కడ ఆనుతుంది అన్నదానిలో ఉంది. కింది పట్టీ తుంటి ఎముకల మీద, పై పట్టీ భుజం ఎముక, ఛాతీ ఎముకల మీద ఆనుతాయి. శరీరంలో గట్టి భాగాలు ఇవే. దెబ్బ బలం వీటి మీద పంచుకుపోతుంది. కడుపు, మెడ మెత్తని భాగాలు. బెల్టు వాటి మీదికి జారితే అదే గాయం చేస్తుంది. అందుకే బెల్టు పెట్టుకోవడం ఎంత ముఖ్యమో, సరిగ్గా పెట్టుకోవడమూ అంతే ముఖ్యం.

మామూలుగా బెల్టు వదులుగా లాగితే వస్తుంది. గట్టిగా ఒక్కసారి లాగితే, లేదా బండి సడన్‌గా ఆగితే లోపలి చక్రం లాక్ అయిపోతుంది. కొత్త కార్లలో, ముఖ్యంగా ముందు సీట్లకు, ఇంకో ఏర్పాటు ఉంటుంది. ఢీకొన్న క్షణంలోనే చిన్న మందు పేలి బెల్టును వెనక్కి లాగి బిగిస్తుంది. ఆ తర్వాత ఛాతీ మీద ఒత్తిడి మరీ ఎక్కువ కాకుండా బెల్టు కొద్దిగా వదులుతుంది. ఇదంతా కన్ను ఆర్పేలోపు జరిగిపోతుంది.

బెల్టు వాడితే కారులో ఉన్నవాళ్ళకు మరణ ప్రమాదం 50 శాతం వరకు తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఎయిర్‌బ్యాగ్ ఉంటే బెల్టు అక్కర్లేదా?

అక్కరే. ముందు ఎయిర్‌బ్యాగ్ బెల్టుకు తోడుగా పనిచేసేలా తయారైంది. అది పేలినట్టు తెరుచుకుని వెంటనే గాలి పోగొట్టుకుంటుంది. పల్టీలు కొడుతున్న బండిలో మనిషిని అది పట్టుకోలేదు. పైగా బెల్టు లేని మనిషి బ్రేకు దెబ్బకే ముందుకు వంగి ఉంటే, తెరుచుకుంటున్న ఎయిర్‌బ్యాగ్ ముఖానికి, మెడకు గట్టి దెబ్బ కొడుతుంది.

బయటకు ఎగిరిపడకుండా ఆపడానికి ఉన్నది కర్టెన్ ఎయిర్‌బ్యాగ్. పైకప్పు అంచులో మడిచి ఉంటుంది. ప్రమాదం జరిగినప్పుడు పరదాలా కిందికి దిగి పక్క కిటికీలను మూసేస్తుంది. అమెరికా 2011లో దీనికోసం ఒక ప్రత్యేక నిబంధన చేసి, 2013 నుంచి 2017 వరకు దశలవారీగా అమలు చేసింది. పరీక్ష ఇలా ఉంటుంది: తల ఆకారంలో ఉన్న 18 కిలోల బరువును లోపలి నుంచి కిటికీ వైపు విసురుతారు. అది కిటికీ దాటి 100 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ బయటకు పోకూడదు. పరదా తెరుచుకున్న ఆరు సెకన్ల తర్వాత కూడా ఒకసారి విసిరి చూస్తారు. పల్టీలు అన్ని సెకన్లు సాగవచ్చు కాబట్టి.

మన దేశంలో ముందు సీట్లకు రెండు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి. కర్టెన్‌తో కలిపి ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేయాలని కేంద్రం 2022లో ప్రతిపాదించింది. 2023లో మాత్రం దాన్ని తప్పనిసరి చేయబోమని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ చెప్పారు. కాబట్టి కారు కొనేవాళ్ళే అడిగి తెలుసుకోవాలి. షోరూంలో అడగాల్సినవి: కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉన్నాయా, అవి మూడో వరస దాకా వస్తాయా, బండి పల్టీ కొట్టినప్పుడు కూడా తెరుచుకుంటాయా? అన్ని కార్లలో అలా ఉండదు. మలుపులో బండి జారిపోకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉందా అని కూడా అడగండి. అది అసలు పల్టీ దాకా పోకుండా చాలాసార్లు ఆపుతుంది. 2023 అక్టోబర్ నుంచి భారత్ ఎన్‌క్యాప్ రేటింగ్ విధానం అమల్లోకి వచ్చింది. అందులో పెద్దవాళ్ళకు, పిల్లలకు విడివిడిగా మార్కులు ఉంటాయి. రెండూ చూడాలి.

తలుపులు, సన్‌రూఫ్

1950లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రమాదాల వివరాలు పోగుచేసి చూశారు. దెబ్బకు తలుపులు తెరుచుకుని మనుషులు బయట పడిపోతున్నారని తేలింది. ఆ తర్వాతే కంపెనీలు తలుపు లాకులను గట్టిగా చేయడం మొదలుపెట్టాయి. ఇప్పటి కార్ల తలుపులు అంత సులువుగా తెరుచుకోవు. అయితే ఒకసారి గుద్దుకుని రిపేరైన కారులో తలుపు సరిగ్గా కూర్చోకపోతే ఆ రక్షణ ఉండదు. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు నాలుగు తలుపులూ ఒకే రకంగా, ఒకే చప్పుడుతో పడుతున్నాయా చూడండి. బండి కదిలే ముందు తలుపులు లాక్ చేయండి. వెనక పిల్లలు కూర్చుంటే చైల్డ్ లాక్ వేయండి.

పెళ్ళి బరాత్‌లో, ఈద్ రోజు సాయంత్రం పిల్లలను సన్‌రూఫ్‌లోంచి నిలబెట్టి తిప్పడం ఈ మధ్య చాలా చోట్ల కనిపిస్తోంది. ఆ పిల్లవాడు ఇప్పటికే సగం కారు బయట ఉన్నాడు. ఎదురుగా ఎవరో అడ్డం వచ్చి డ్రైవర్ గట్టిగా బ్రేకు వేస్తే చాలు, ప్రమాదం జరగక్కర్లేదు.

ఒడిలో బిడ్డ

మన ఇళ్ళలో పసిబిడ్డ చోటు అమ్మీ ఒడి, లేదా నానీ ఒడి. ముందు సీటులో ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం అలవాటు. ప్రేమతో చేసే పనే. కానీ లెక్క వేరేగా ఉంది.

10 కిలోల బిడ్డ ఒడిలో ఉంది, కారు 50 కిలోమీటర్ల వేగంతో దేనికో తగిలి సెకనులో పదో వంతులో ఆగింది అనుకుందాం. ఆ క్షణంలో బిడ్డను పట్టుకోవాలంటే సుమారు 140 కిలోల బరువును ఆపినంత బలం కావాలి. ఏ తల్లి చేతులకూ అది సాధ్యం కాదు. బిడ్డ చేతుల్లోంచి జారిపోతుంది. తల్లికీ బెల్టు లేకపోతే ఆమె బరువు కూడా బిడ్డ మీద పడుతుంది. తల్లీబిడ్డలకు కలిపి ఒకే బెల్టు పెడితే మరీ ప్రమాదం, తల్లి శరీరానికీ బెల్టుకూ మధ్య బిడ్డ నలిగిపోతుంది.

దీనికి ఉన్న పరిష్కారం చైల్డ్ సీటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇది పసిపిల్లల మరణాలను 71 శాతం వరకు తగ్గించగలదు. వయసును బట్టి మూడు దశలు:

1. పసిబిడ్డకు వెనక్కి తిరిగి ఉండే సీటు. కనీసం 15 నెలల దాకా, సీటు మీద రాసిన ఎత్తు, బరువు ఒప్పుకుంటే ఇంకా ఎక్కువ కాలం ఇదే మంచిది. పసిబిడ్డ తల బరువు, మెడ బలహీనం. వెనక్కి తిరిగి ఉంటే దెబ్బ వీపంతా పంచుకుంటుంది. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో దీన్ని ఎప్పుడూ పెట్టకూడదు.

2. ఆ తర్వాత ముందుకు తిరిగి ఉండే సీటు. దానికి సొంత పట్టీలు ఉంటాయి. అవి వదులుగా ఉండకూడదు. భుజం దగ్గర పట్టీని వేళ్ళతో మడత పెట్టగలిగితే ఇంకా బిగించాలి.

3. ఇంకాస్త పెద్దయ్యాక బూస్టర్ సీటు. పిల్లలను కొద్దిగా ఎత్తులో కూర్చోబెట్టి కారు బెల్టు సరైన చోట ఆనేలా చేస్తుంది. 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా ఇది కావాలి. వీపు సీటుకు ఆని, మోకాళ్ళు సీటు అంచున వంగి, బెల్టు మెడకు కాకుండా భుజం మధ్యలో ఆనితే అప్పుడు బూస్టర్ తీసేయవచ్చు.

కారులో ఐసోఫిక్స్ కొక్కేలు ఉంటే చైల్డ్ సీటు బిగించడం సులువు. సీటు బిగించాక చేత్తో ఊపి చూడండి. ఎక్కువగా కదిలితే సరిగ్గా బిగియలేదని అర్థం.

బుర్ఖా, గర్భిణులు, పెద్దవాళ్ళు

బుర్ఖా లేదా చున్నీ మీద బెల్టు పెట్టుకోవడం కష్టం కాదు. కూర్చున్నాక బట్ట నడుము దగ్గర ముద్దగా పోగవకుండా సర్ది, కింది పట్టీని వీలైనంత కిందికి, తుంటి మీదికి తేవాలి. పై పట్టీ చున్నీ మడతల మీద జారకుండా భుజం మీద నేరుగా ఉండాలి. ఇబ్బందిగా ఉందని పై పట్టీని చంక కిందుగా తీసుకోవడం, వీపు వెనక్కి వేసేయడం చేయకూడదు. అలా చేస్తే బరువంతా పక్కటెముకల మీద, కడుపు మీద పడుతుంది. ముందు సీటులో ఉన్నవాళ్ళు ఎత్తు సర్దే బటన్‌తో పట్టీని తమ భుజానికి తగినట్టు దించుకోవచ్చు.

గర్భిణులు బెల్టు మానేయకూడదు. కింది పట్టీ పొట్ట కింద, తొడల మొదట్లో, తుంటి ఎముకల మీద ఉండాలి. పై పట్టీ రెండు స్తనాల మధ్య నుంచి పొట్ట పక్కగా రావాలి. పొట్ట మీదుగా ఏ పట్టీ పోకూడదు. కడుపులో బిడ్డకు దెబ్బ తగలకుండా ఉండాలంటే ముందు తల్లి క్షేమంగా ఉండాలి.

పెద్దవాళ్ళు నడుం నొప్పి అని సీటు బాగా వెనక్కి వాల్చి పడుకుంటారు. అలా ఉంటే ప్రమాదంలో శరీరం బెల్టు కింది నుంచి జారిపోతుంది, పట్టీ కడుపు మీదికి ఎక్కుతుంది. కాళ్ళు డ్యాష్‌బోర్డు మీద పెట్టుకోవడమూ ఇలాంటిదే. నడుముకు చిన్న దిండు పెట్టి, సీటు నిటారుగా ఉంచితే సరిపోతుంది.

ఒక బండి, పదిమంది

ఏడుగురి బండిలో పదిమంది ఎక్కడం దావత్‌ల సీజన్‌లో మామూలే. బెల్టులు ఏడు ఉంటే మిగతా ముగ్గురికి ఏ రక్షణా లేదు. అంతేకాదు, వాళ్ళ వల్ల మిగతావాళ్ళకూ ప్రమాదం. వెనక కూర్చున్న మనిషి బెల్టు లేకుండా ముందుకు వచ్చి పడితే, బెల్టు పెట్టుకున్న డ్రైవర్ కూడా సీటుకూ స్టీరింగుకూ మధ్య నలిగిపోతాడు. అలాంటప్పుడు డ్రైవర్ చనిపోయే అవకాశం రెండు రెట్లకు పైగా పెరుగుతుందని అమెరికాలో జరిగిన అధ్యయనం తేల్చింది. కాబట్టి వెనక కూర్చున్న పెద్దాయనను బెల్టు పెట్టుకోమని అడగడం అదబ్ తప్పడం కాదు. ఆయన కోసమే కాదు, ముందున్న కొడుకు కోసం కూడా.

శంషాబాద్ విమానాశ్రయం నుంచి గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళను తీసుకెళ్ళే బండ్లలో ఇంకో సమస్య ఉంటుంది. పెట్టెలు, కార్టన్లు పైన క్యారియర్ మీద కడతారు. పైన బరువు పెరిగేకొద్దీ మలుపులో బండి తిరగబడటం సులువవుతుంది. లోపల కట్టకుండా పెట్టిన సామాను ప్రమాదంలో మనుషుల మీదికే వస్తుంది. బరువు సామాను డిక్కీలో కింద పెట్టాలి. సామాను ఎక్కువైతే రెండో బండి మాట్లాడుకోవడం మేలు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. యూఏఈలో 2017 జూలై 1 నుంచి వెనక సీటుతో సహా అందరికీ బెల్టు తప్పనిసరి. పెట్టుకోకపోతే 400 దిర్హాముల జరిమానా, డ్రైవర్ లైసెన్సుకు నాలుగు బ్లాక్ పాయింట్లు. నాలుగేళ్ళలోపు పిల్లలకు చైల్డ్ సీటు ఉండాలి. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఈ నియమం పాటించినవాళ్ళే ఇక్కడ దిగగానే బెల్టు సంగతి మర్చిపోతారు. రోడ్డు మారింది గానీ శరీరం అదే.

చట్టం ఏం చెబుతుంది?

మన దేశంలో ముందు సీటుకే బెల్టు తప్పనిసరి అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 138వ నియమం ప్రకారం ముందు వైపు చూసే వెనక సీట్లలో ఉన్నవాళ్ళూ బెల్టు పెట్టుకోవాలి. 2019 సవరణతో వచ్చిన 194బి సెక్షన్ ప్రకారం బెల్టు లేకుండా నడిపితే, లేదా బెల్టు లేనివాళ్ళను ఎక్కించుకుంటే వెయ్యి రూపాయల జరిమానా. 14 ఏళ్ళలోపు పిల్లలను బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా తీసుకెళ్ళినా వెయ్యి రూపాయలే.

జరిమానా కంటే పెద్ద లెక్క ఇంకొకటి ఉంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో సీటు బెల్టు పెట్టుకోకపోవడంతో దేశంలో 16,715 మంది చనిపోయారు. వాళ్ళలో డ్రైవర్లు 8,384 మంది, ప్రయాణికులు 8,331 మంది. అంటే దాదాపు సగం మంది స్టీరింగ్ పట్టుకోనివాళ్ళే.

బెల్టు పెట్టుకోకపోతే వచ్చే బీప్ చప్పుడును ఆపడానికి కొందరు లాక్‌లో ఉత్త క్లిప్ గుచ్చుతారు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 మేలో ఐదు పెద్ద ఆన్‌లైన్ అమ్మకం కంపెనీలకు ఈ క్లిప్పులు తీసేయమని ఆదేశాలు ఇచ్చింది. 13,118 లిస్టింగులు తొలగించారు. ఇంట్లో కారులో అలాంటి క్లిప్ ఉంటే ఈ రోజే తీసి పారేయాలి.

తరచూ వినిపించే మాటలు, జవాబులు

"కారుకు మంటలు అంటుకుంటే బెల్టు వల్ల ఇరుక్కుపోతాం." మంటలు అంటుకునే ప్రమాదాలు మొత్తంలో చాలా తక్కువ. అప్పుడు కూడా బయటకు రావాలంటే స్పృహ ఉండాలి, కాళ్ళు చేతులు పనిచేయాలి. బెల్టు లేకుండా తల పగిలి పడి ఉన్నవాళ్ళు లాక్ విప్పనక్కర్లేదు గానీ తలుపూ తీయలేరు.

"ఎగిరి బయట పడ్డవాడు బతికాడు, లోపలున్నవాళ్ళు పోయారు." అలాంటి ఒకటి రెండు ఘటనలు జరుగుతాయి. వింతగా ఉంటాయి కాబట్టి అందరికీ గుర్తుండిపోతాయి. బయటపడి చనిపోయిన నలుగురిలో ముగ్గురి గురించి ఎవరూ కథలు చెప్పుకోరు.

"ఊళ్ళోకే కదా, పక్క వీధే కదా." 50 కిలోమీటర్ల వేగం ఊళ్ళోనూ ఉంటుంది. ఒడిలో బిడ్డ లెక్క ఆ వేగానికి వేసిందే.

"నసీబ్‌లో ఉన్నది జరుగుతుంది." ఇలా అన్నవాళ్ళే రాత్రి పడుకునే ముందు తలుపు గడియ వేస్తారు, జ్వరం వస్తే మందు వేసుకుంటారు. బెల్టు కూడా ఆ గడియ లాంటిదే.

ప్రమాదం జరిగిన చోట

ప్రమాదం చూసి ఆగినవాళ్ళు ముందుగా కారులో మొత్తం ఎంతమంది ఉన్నారో అడిగి లెక్క పెట్టాలి. ఎగిరిపడ్డవాళ్ళు చీకట్లో పొదల్లో, కాలువలో, డివైడర్ అవతల పడి ఉండవచ్చు. వాళ్ళను ఎవరూ చూడకపోవడం వల్ల ఆలస్యం అవుతుంది. వెనక వచ్చే బండ్లకు కనబడేలా హెచ్చరిక పెట్టి, 108కి ఫోన్ చేయాలి. మంట, నీళ్ళు లాంటి ముప్పు ఉంటే తప్ప గాయపడ్డవాళ్ళను లాగి కదిలించకూడదు. మెడ, వెన్నెముక విరిగి ఉంటే కదపడం వల్ల జీవితాంతం కాళ్ళు చేతులు పడిపోవచ్చు. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టాలి. సాయం చేసినవాళ్ళను వేధించకుండా 2019 సవరణ చట్టం రక్షణ ఇచ్చింది. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తించిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స దొరుకుతుంది.

బయలుదేరే ముందు ఐదు నిమిషాలు

• వెనక సీటు బెల్టు లాకులు సీటు కవర్ కింద దాగి ఉన్నాయేమో చూడండి. చాలా కార్లలో అవి కొన్న రోజు నుంచీ లోపలే ఉండిపోతాయి. కవర్ కోసి అయినా సరే పైకి తీయించండి.

• ప్రతి బెల్టునూ ఒకసారి గట్టిగా లాగండి. లాక్ అవ్వాలి. పట్టీ పీచులు లేచినా, కోతలు పడినా మార్పించండి. పెద్ద ప్రమాదం చూసిన బెల్టును మళ్ళీ వాడకూడదు.

• ఇంజన్ ఆన్ చేయగానే డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి ఆరిపోవాలి. ఆరకుండా ఉంటే, లేదా అసలు వెలగకపోతే మెకానిక్‌కు చూపించండి.

• సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లకు దానికి తగిన కవర్లే వేయించండి. మామూలు కవర్ దాన్ని తెరుచుకోనివ్వదు.

• ఎన్ని బెల్టులు ఉన్నాయో అంతమందే ఎక్కండి. ఒక బెల్టు ఒక్కరికే.

• అద్దె కారు మాట్లాడుకునేటప్పుడే వెనక బెల్టులు పనిచేస్తాయా, పైన క్యారియర్ మీద ఎంత బరువు పెడతారు అని అడగండి. రాత్రంతా నడిపి వచ్చిన డ్రైవర్‌నే తెల్లవారుజామున మళ్ళీ నడపమనకండి.

• బండి కదిలే ముందు డ్రైవర్ వెనక్కి తిరిగి ఒక్కొక్కరి బెల్టు చూడాలి. దాదీ నుంచి చిన్నపిల్లల దాకా అందరి లాక్ చప్పుడు వినిపించాకే గేరు వేయాలి.